ఎర్రగుంట్లలో దిగిన టోబ్లెరోన్

పులివెందుల అరటి గల్ఫ్‌కు రాజాలా పోతుంది. లింగాల, సింహాద్రిపురం తోటల్లో కాయ పచ్చిగా ఉండగానే గెల కొట్టి, హస్తాలు విడదీసి, కడిగి, అట్టపెట్టెల్లో సర్ది, 13 డిగ్రీల దగ్గర నిలబెట్టిన చల్లటి కంటైనర్‌లోకి ఎక్కిస్తారు. ఓడ దిగి అక్కడి బజారుకు చేరేదాకా ఆ చలి తప్పదు.

గల్ఫ్ నుంచి పులివెందులకు వచ్చే చాక్లెట్టుకు ఆ యోగం లేదు. సూట్‌కేసులో నిడో పాలపొడి డబ్బాకూ టైగర్ బామ్ సీసాలకూ మధ్య ఇరుక్కుని చెన్నైలో దిగుతుంది. అక్కణ్నుంచి రైలు. ముద్దనూరులోనో ఎర్రగుంట్లలోనో దిగేసరికి మే నెల మిట్టమధ్యాహ్నం. ఇంటికి చేరి పెట్టె తెరిచాక "ఏందబ్బా, ఇదంతా మెత్తగైపోయిండాదే" అని ఫ్రిజ్‌లో పడేస్తారు. మర్నాటికి గట్టిపడుతుంది గానీ పైన తెల్లటి పూత తేలుతుంది. బూజనుకుని పారేసేవాళ్లూ ఉన్నారు.

అది బూజు కాదు, కోకో వెన్న. ఈ వెన్నకు ఓ చిత్రమైన గుణం ఉంది. చల్లారే తీరునుబట్టి ఆరు రకాల స్ఫటికాలుగా గడ్డకడుతుంది. వాటిలో ఐదో రకానికే నిగనిగలాడే మెరుపు, విరిస్తే టక్కుమనే గుణం, 34 డిగ్రీల దగ్గర అంటే సరిగ్గా నోటి వేడికి కరిగే లక్షణం ఉంటాయి. చాక్లెట్టును వేడిచేసి, చల్లార్చి, మళ్లీ కొద్దిగా వేడిచేసి ఆ ఐదో రకం దగ్గర నిలపడమే చాక్లెట్ తయారీలో అసలు పనితనం. దాన్ని టెంపరింగ్ అంటారు. స్విట్జర్లాండ్‌లో ఒకడు ఒళ్లు దగ్గర పెట్టుకుని చేసిన ఆ పనిని ఎర్రగుంట్ల ప్లాట్‌ఫారం ఒక్క గంటలో రద్దు చేస్తుంది. తినొచ్చు, ఏ హానీ లేదు. కాకపోతే మీరు తింటున్నది వాళ్లు చేసింది కాదు.

మన కడప జిల్లావాళ్లు విదేశాల్లో చాక్లెట్లు కొంటారు, తినరు. కిలోల లెక్కన కొంటారు, డ్యూటీఫ్రీలో రెండు కొంటే ఒకటి ఉచితమంటే ఆరు కొంటారు, ఎవరెవరికి ఎన్నో విమానంలోనే లెక్క వేసుకుంటారు. చిన్నాయన పిల్లలకు, మేనత్తకు, మేడమీద అద్దెకున్నవాళ్లకు, పాలు పోసే ఆమెకు. ఈ పంపకం మంచిదే, దాన్ని తప్పుపట్టేంత మర్యాద తక్కువవాణ్ని కాను. కానీ వియన్నాలో నాలుగు రోజులుండి అక్కడి కేకు ముక్క నోట్లో పెట్టుకోకుండా, ప్రొద్దుటూరు సూపర్ మార్కెట్లోనే దొరికే బంగారురంగు కాగితం ఉండల డబ్బాను మోసుకొచ్చిన వాళ్లను చూస్తే మాత్రం ప్రాణం ఉసూరుమంటుంది. ఆ ఫెర్రెరో రోషే తయారుచేసే కంపెనీకి మహారాష్ట్రలో బారామతి దగ్గర ఫ్యాక్టరీ ఉంది. గెలాక్సీ చేసే మార్స్ కంపెనీకి దుబాయ్‌లోనే ఉంది. 1908లో బెర్న్‌లో పుట్టిన టోబ్లెరోన్ తయారీలో కొంత స్లొవేకియాకు తరలిపోయింది. స్విస్ చట్టం ఒప్పుకోక 2023లో అట్టమీది మాటర్‌హార్న్ కొండ బొమ్మనే మార్చేశారు. ఆ టోబ్లెరోన్ సొంతదారు మాండెలీజ్. మన శ్రీసిటీలో 2016 నుంచి క్యాడ్‌బరీ చాక్లెట్లు చేస్తున్నదీ వాళ్లే. విదేశీ సరుకు అని మనం మోసుకొచ్చేదానికి బీరకాయపీచు చుట్టం కడప పక్క జిల్లాలోనే ఉన్నాడన్నమాట.

మోయడానికి వీలైనదంతా ఇప్పుడు మన ఊళ్లకే వచ్చేసింది. మోయడానికి వీలుకానిదాన్నే అక్కడ తినాలి.

దీనారు లెక్క

ఉమ్మడి కడప జిల్లాకు విదేశమంటే మొదట కువైట్. రాయచోటి, రాజంపేట వైపు నుంచి పోయినవాళ్లు ఎక్కువ. ఆ తర్వాతే మిగతా ఊళ్లు. డ్రైవర్లుగా, వంటవాళ్లుగా, ఇంటిపని చేసే ఆడవాళ్లుగా పోయారు. చాక్లెట్టు ఈ పల్లెలకు చేరింది పర్యాటకుల చేతుల మీదుగా కాదు, వీళ్ల చేతుల మీదుగానే. ఊదారంగు క్వాలిటీ స్ట్రీట్ డబ్బా ఇంట్లో ఉందంటే ఆ ఇంటి మనిషి కువైట్‌లో ఉన్నట్టే లెక్క. ఇంగ్లండులోని హాలిఫాక్స్‌లో 1936లో మొదలైన ఆ డబ్బాను అరబ్బు దేశాల్లో దాని పాత యజమాని పేరుమీద మాకింతోష్ అనే పిలుస్తారు. లోపలి రంగురంగుల బిళ్లలు రెండు రోజుల్లో అయిపోతాయి. డబ్బా మాత్రం సూదీదారాలకో, పొలం పాసు పుస్తకాలకో ఇరవై ఏళ్లు ఉంటుంది.

మిఠాయి కళ సంగతికొస్తే, ఈ జిల్లాలో పేస్ట్రీల గురించి బాగా తెలిసినవాళ్లు యూరప్ టూర్లు తిరిగొచ్చినవాళ్లు కాదు. కువైట్ వంటిళ్లలో పనిచేసిన ఆడవాళ్లు. రంజాన్ నెల మధ్యలో, 13, 14, 15 రాత్రుల్లో అక్కడ గెర్గియాన్ అనే పిల్లల పండగ జరుగుతుంది. ముస్తాబైన పిల్లలు ఇంటింటికీ పాడుకుంటూ వస్తే వాళ్ల సంచుల్లో బాదం, పిస్తా, చాక్లెట్లు పోస్తారు. పొట్లాలు కట్టే పని చాలా ఇళ్లలో పనిమనుషులదే. బస్బూసా అనే రవ్వ కేకు, సన్నటి సేమియాల మధ్య జున్ను పెట్టి కాల్చి పాకం పోసే కునాఫా, పొరలు పొరల బక్లావా ఎలా చేస్తారో, పాకం ఏ పదునులో దించాలో చెప్పగల అక్కలు మన పల్లెల్లో ఉన్నారు. ఊళ్లో వాళ్లనెవరూ ఆ సంగతి అడగరు. ఎన్ని దీనార్లు పంపినావు, ఇల్లు ఎప్పుడు కడతావు అనే అడుగుతారు.

"ఆడ నువ్వేం తింటివి మా?" అని కూతురు ఫోన్లో అడిగితే "అన్నమే పాపా, ఆడా మన అన్నమే" అనే జవాబు వస్తుంది. ఒక దీనారు మన డబ్బుల్లో 270 రూపాయలకు పైమాటే. ఆ లెక్క తలలో తిరుగుతున్నంత సేపూ ఎదురుగా ఉన్న కునాఫా గొంతు దిగదు. చేతినిండా సెలవూ జేబులో కార్డూ పెట్టుకుని పోయే పర్యాటకులు ఇదే లెక్క వేయడం మాత్రం నాకు నచ్చదు. వాళ్లు పోయింది ఖర్చు పెట్టడానికే.

ప్రొద్దుటూరువాళ్లకు దుబాయ్ అంటే బంగారం. బంగారు వ్యాపారాన్ని చూసి మా ఊరిని రెండో బొంబాయి అంటారు, దసరా సంబరం చూసి రెండో మైసూరు అంటారు. సొంతపేరు చాలదని ఎవరనుకున్నారో తెలియదు. ఈ మధ్య ఆ దుబాయ్ సంచుల్లో బంగారంతోపాటు పచ్చటి పిస్తా గుజ్జు నింపిన లావుపాటి చాక్లెట్ కూడా వస్తోంది. 2021లో సారా హమూదా అనే ఆవిడ మొదలుపెట్టిన ఫిక్స్ అనే చిన్న కంపెనీ సరుకు ఇది. లోపల కునాఫా సేమియాలు, పిస్తా, నువ్వుల ముద్ద. 2023 డిసెంబరులో ఒకమ్మాయి కారులో కూర్చుని దాన్ని కరకరలాడిస్తూ తిన్న వీడియో లోకమంతా తిరిగింది. ఇక ప్రతి దేశంలోనూ ప్రతి కంపెనీ నకలు తీసింది. తాజాగా ఉన్నప్పుడు లోపలి సేమియా పెళపెళలాడుతుంది. దాని ఆకర్షణంతా ఆ చప్పుడే. వారాల తరబడి సంచిలో నానిన సేమియాకు చప్పుడేముంటుంది? దుబాయ్‌లోనే తినండి. పోనీ, ఏ ఈజిప్షియన్ మిఠాయి కొట్టులోనో వేడివేడి కునాఫా తినండి. ఈ చాక్లెట్టుకు తల్లి అదే, ధరా తక్కువ. నన్నడిగితే రుచి కూడా తల్లిదే ఎక్కువ.

"గుడ్డు ఉందా?"

యూరప్ ప్రయాణంలో ప్రొద్దుటూరు అమ్మవారిశాల వీధి నుంచి పోయినవాళ్లకు మొదటి అడ్డంకి ధర కాదు, గుడ్డు. లండన్ మిషనరీలు కట్టిన క్యాంప్‌బెల్ ఆసుపత్రి ఉన్న జమ్మలమడుగులో క్రిస్మస్ కేకు వాసన తరాలుగా అలవాటే. వాసవీ కన్యకాపరమేశ్వరిని కొలిచే శాకాహారుల ఇళ్లలో మాత్రం కేకు అంటే ఇప్పటికీ 'ఎగ్‌లెస్' అని రాసి ఉండాల్సిందే. అయ్యంగార్ బేకరీలు మన వీధుల్లో ఇంతగా పాతుకుపోవడానికి అదే కారణం. బెంగళూరు చిక్‌పేటలో 1898లో మొదలైన బి.బి. బేకరీని వాటికి ఆదిగా చెబుతారు. హాసన్ వైపు అయ్యంగార్లు గుడ్డు లేకుండా రొట్టె, కేకు, దిల్‌పసంద్ చేసి దక్షిణాది శాకాహారికి బేకరీ గడప దాటే ధైర్యమిచ్చారు.

మరి వియన్నాలో ఎలా? భయపడి బిస్కెట్లతో గడిపేవాళ్లున్నారు. అంత అక్కర్లేదు. యూరోపియన్ యూనియన్ దేశాల్లో 2014 డిసెంబరు 13 నుంచి ఒక నియమం అమల్లో ఉంది. ఎలర్జీ కలిగించే 14 రకాల పదార్థాల్లో ఏది కలిసినా చెప్పి తీరాలి. ప్యాకెట్ మీదైతే ఆ పేర్లు కొట్టొచ్చినట్టు కనబడేలా అచ్చువేయాలి. అద్దాల అరలో విడిగా అమ్మే పేస్ట్రీకి కూడా అడిగితే వివరం ఇవ్వాలి. ఆ 14లో గుడ్డు ఉంది. ఎలర్జీ ఉన్నవాళ్ల కోసం పెట్టిన నియమం మన ఆచారానికి అక్కరకొచ్చింది. ఎలర్జెన్ లిస్ట్ అని అడిగితే చాలు, కొట్టువాడు పుస్తకం తీసి చూపిస్తాడు. జిలాటిన్‌కు, రమ్ముకు ఈ రక్షణ లేదు. నురగలాంటి మూస్‌లోనూ మార్ష్‌మాలోలోనూ తరచూ జిలాటిన్ ఉంటుంది, అది జంతువు ఎముకలు, తోలు నుంచి తీసేది. మెరిసే చాక్లెట్ గింజల పైపూతలో ఇ 904 అని ఉంటే లక్కపురుగు ఇచ్చిన లక్క. స్విట్జర్లాండ్‌లో కిర్ష్ అన్న మాట కనబడితే లోపల చెర్రీ సారాయి. దాన్ని తెలియక తినేసి తర్వాత గంగాజలం వెతికినవాళ్ల కథలు ప్రతి టూరు బస్సులోనూ వినబడతాయి.

అసలు శాకాహారికి యూరప్‌లో దిగుల్లేని ఊరు మాడ్రిడ్. అక్కడ 1894 నుంచి ఉన్న సాన్ హీనెస్ అనే కొట్టు రాత్రీ పగలూ తెరిచే ఉంటుంది. చుర్రోలు, చిక్కటి వేడి చాక్లెట్టు, అంతే. చుర్రో పిండిలో మామూలుగా గోధుమపిండి, నీళ్లు, ఉప్పు తప్ప మరేం ఉండదు. మా అమ్మ మురుకుల గొట్టంలోంచి ఒత్తినట్టే ఒత్తి, నూనెలో వేయించి తీస్తారు. ముంచుకు తినే చాక్లెట్టు గరిటెజారుగా ఉంటుంది. పాలు ఇష్టంలేనివాళ్లు ముందే అడిగి కనుక్కోవాలి. పొద్దున్నే లేచి దోసెలు వెతుక్కునే కడప కడుపుకు ఇంతకంటే దగ్గరి పలహారం ఆ ఖండంలో లేదు.

కర్రీపఫ్ చెప్పిన పాఠం

క్రోసాంట్ అంటే ఏదో అందనిదనుకుంటాం గానీ, జమ్మలమడుగు బస్టాండు దగ్గర సాయంత్రం కర్రీపఫ్ తిన్న ప్రతివాడికీ దాని వ్యాకరణం తెలుసు. పిండి మధ్య కొవ్వు పెట్టి మూడు మడతలు వేసి, ఒత్తి, మళ్లీ మూడు మడతలు. ఇలా ఆరుసార్లు చేస్తే 729 పొరలు. పఫ్ అదే. క్రోసాంట్‌కు పిండిలో ఈస్టు వేసి పులియబెడతారు, మడతలు మూడుసార్లే, కొవ్వు పొరలు 27. పొయ్యిలో నీళ్ల ఆవిరి ఆ పొరలను లేపుతుంది.

తేడా కొవ్వులో ఉంది. మన బేకరీలు వనస్పతి వాడతాయి. ఖర్చు తక్కువన్నది సగం కారణమే. వెన్న 32, 35 డిగ్రీల మధ్య కరిగిపోతుంది. ఏప్రిల్‌లో పులివెందుల బేకరీ వెనకగదిలో వెన్నతో మడతలు వేయబోతే రెండో మడతకే బల్లమీద కారిపోతుంది. వనస్పతి ఆ వేడికి నిలుస్తుంది. నోటి వేడికి కూడా అలాగే నిలుస్తుంది, అందుకే పఫ్ తిన్నాక అంగిలికి జిడ్డు అంటుకుని ఉండిపోతుంది. పారిస్‌లో బేకరీకి పోతే 'ఓ బ్యూర్' అని రాసి ఉన్న క్రోసాంట్ అడగండి. వెన్నతో చేసింది అదే. అక్కడి వాడుకలో అది తిన్నగా ఉంటుంది, మార్జరిన్‌తో చేసిన మామూలుది నెలవంకలా వంగి ఉంటుంది. పైన గుడ్డు పూత పూసే అలవాటు ఉంది కనుక అమ్మవారిశాల వీధివాళ్లు అడిగి తీసుకోవాలి. నిలువునా రెండు చాక్లెట్ కడ్డీలు దాచిన పాన్ ఓ షొకొలా ఉదయం ఏడింటికి పొయ్యిలోంచి తీసినప్పుడు ఒక రకం, మధ్యాహ్నానికి ఇంకో రకం, మర్నాటికి తినాల్సిన అవసరమే లేని రకం. అది ఏ సూట్‌కేసులోనూ కడప రాదు.

ఈ పిండివంటలు ఫ్రాన్సు సొత్తని అంటాం గానీ, అవి అక్కడికి వియన్నా నుంచి పోయినవే. ఆగస్ట్ జాంగ్ అనే ఆస్ట్రియావాడు 1830ల చివర్లో పారిస్‌లో వియన్నా బేకరీ తెరిచాడు. అందుకే ఆ జాతి రొట్టెలన్నింటినీ ఫ్రెంచివాళ్లు ఇప్పటికీ వియన్నా పేరుతోనే పిలుస్తారు. టర్కీ సైన్యం 1683లో వియన్నా ముట్టడిలో ఓడిపోయినందుకు గుర్తుగా నెలవంక రొట్టె పుట్టిందని టూరు గైడు చెబితే వినండి, నమ్మకండి. ఆ ఆకారం రొట్టె అంతకు ముందు నుంచే ఉంది.

చరిత్ర తగిలింది కాబట్టి ఒక పక్కమాట. తావెర్నియే అనే పారిస్ రత్నాల వ్యాపారి 1652లో జమ్మలమడుగు పక్కనే ఉన్న గండికోటకు వచ్చి మీర్ జుమ్లాను కలిశాడు. అప్పటికి పారిస్‌లో చాక్లెట్టు అమ్ముకోవడానికి రాజు ఎవరికీ అనుమతి ఇవ్వలేదు, మొదటి అనుమతి 1659లో. అంటే పెన్నా లోయను చూసిన తావెర్నియేకి తన ఊళ్లో చాక్లెట్ కొట్టు లేదు. ఇప్పుడు గండికోట చూడ్డానికి వచ్చే పర్యాటకులకు జమ్మలమడుగులో కిట్‌క్యాట్ దొరుకుతుంది, తావెర్నియే మెచ్చే వెన్న క్రోసాంట్ మాత్రం ఇంకా లేదు.

వియన్నాలో సాచర్ టోర్టె అనే చాక్లెట్ కేకు ఉంది. 1832లో మెటర్నిక్ ప్రభువు విందుకు పెద్ద వంటవాడు జబ్బుపడితే 16 ఏళ్ల శిష్యుడు ఫ్రాంజ్ సాచర్ చేశాడని చెబుతారు. తర్వాత కొడుకు కట్టిన హోటల్ సాచర్‌కూ, రాజుగారి మిఠాయి కొట్టు డెమెల్‌కూ 'అసలుది మాదంటే మాది' అని కోర్టులో ఏళ్లతరబడి వ్యాజ్యం నడిచింది. తగాదాలో ఒక అంశం నేరేడు పండంత పెద్దది కూడా కాదు. ఆప్రికాట్ జామ్ కేకు మధ్యలో రాయాలా, పైపూత కింద మాత్రమేనా అన్నది. 1963లో హోటల్‌కు 'ఒరిజినల్' అన్న మాట దక్కింది. ఫ్యాక్షన్ జిల్లా అని మనకు పేరు గానీ, కేకులో జామ్ ఎక్కడ రాయాలన్నదానిపై తగాదా పడ్డవాళ్లం కాదు. కేకు నా నోటికి కాస్త పొడిపొడిగా అనిపిస్తుంది, అందుకే పక్కన చక్కెర లేని మీగడ పెడతారు. మీగడ వదిలేసి 'ఎండిపోయింది' అని పెదవి విరిచే మనవాళ్లది తప్పే. ఒక్క ముక్కకు రూపాయల్లో వెయ్యికి అటూఇటూ అవుతుంది. దాంట్లో సగం ఆ ఎర్ర ముఖమల్ కుర్చీకి కడుతున్నామనుకుంటే బాధ తగ్గుతుంది.

బ్రస్సెల్స్‌లో వేరే కథ. 1857లో నూహాస్ అనే ఆయన అక్కడి అద్దాల కప్పు బజారులో మందుల షాపు పెట్టి, చేదు మాత్రలకు చాక్లెట్ పూత పూసేవాడు. మనవడు 1912లో లోపలి మందు తీసేసి మీగడ నింపాడు. బెల్జియం ప్రలీన్ పుట్టుక అది. అవి నలగకుండా ఉండటానికి మనవడి భార్య 1915లో ఒక అట్టపెట్టె రూపొందించింది, ఇప్పటికీ అదే వాడుతున్నారు. తాజా మీగడ నింపిన ప్రలీన్లు కొన్ని వారాలకు మించి నిలవవు. ఫ్రిజ్‌లో దాచి సంక్రాంతికి తీసే సరుకు కాదు. కొన్నవి కొన్నచోటే, ఆ అద్దాల కప్పు కింద నడుస్తూ, నాలుగు తీసుకుని నాలుగూ తినేయడమే పద్ధతి.

స్విట్జర్లాండ్ గురించి రాయకపోతే టూరు ఆపరేటర్లు ఊరుకోరు. 1875లో వెవే ఊళ్లో డేనియల్ పీటర్ పొరుగువాడు నెస్లే చేసిన గట్టిపాలు కలిపి పాల చాక్లెట్టు సాధించాడు. 1879లో బెర్న్‌లో లింట్ యంత్రంలో గంటలకొద్దీ రుబ్బి గరుకూ పులుపూ పోగొట్టాడు. సూట్‌కేసులో చాక్లెట్టు పక్కనున్న నిడో డబ్బా కూడా ఆ నెస్లేదే. 3,454 మీటర్ల ఎత్తున మంచులో యుంగ్‌ఫ్రావ్‌యొఖ్ స్టేషన్‌లో లింట్ కొట్టు, బాలీవుడ్ పేరుతో భారతీయ భోజనశాల రెండూ ఉన్నాయి. మనవాళ్లు రెండో దాంట్లో పప్పన్నం తిని మొదటిదాంట్లో బంధువులకు కొంటారు. అక్కడి చలికి చాక్లెట్టు నోట్లో కరగడానికి మామూలు కంటే కాస్త ఎక్కువ సేపు పడుతుంది. తొందరపడి నమలకండి. ఇక చక్కెర జబ్బున్న పెద్దలకు ఒక సంగతి. పాల చాక్లెట్టులో దాదాపు సగం చక్కెరే. డెబ్బై శాతం నల్ల చాక్లెట్టులోనూ వంద గ్రాములకు ముప్పై గ్రాముల దాకా ఉంటుంది. డార్క్ అని రాస్తే మందు అనుకుని పలక మొత్తం లాగించేవాళ్లను చూశాను.

హెర్షీలో జేజి

అమెరికాలో పిల్లల దగ్గరికి పోయిన తల్లిదండ్రులకు ఈస్ట్ కోస్ట్ టూరు ఒక మొక్కుబడి. స్వేచ్ఛా ప్రతిమ, నయాగరా, వాషింగ్టన్, మధ్యలో పెన్సిల్వేనియాలోని హెర్షీ ఊరు. వీధి దీపాలు కూడా చాక్లెట్ ఆకారంలోనే ఉంటాయి అక్కడ. 1973లో తెరిచిన చాక్లెట్ వరల్డ్‌లో చిన్న బండి ఎక్కితే కోకో గింజ పలకగా మారే వరసంతా బొమ్మల మధ్య తిప్పి చూపిస్తారు. బండి ఎక్కడానికి టికెట్టు లేదు, దిగేటప్పుడు చేతిలో ఓ చాక్లెట్టు కూడా పెడతారు. ఉచితం కాబట్టి మనవాళ్లు రెండోసారి ఎక్కుతారు. అది నేను తప్పుపట్టే విషయమే కాదు.

"ఏం నాయనా, ఇది పులిసినట్టుండాదే?"

"అమెరికా చాక్లెట్టు అట్లే ఉంటాది జేజీ."

జేజి నాలుక నిజమే చెప్పింది. హెర్షీ పాల చాక్లెట్టులో సన్నటి పులుపు ఉంటుందని ప్రపంచమంతా అంటుంది. పాలకొవ్వు విడిపోయినప్పుడు పుట్టే బ్యూటిరిక్ ఆమ్లమే దానికి కారణమని చెబుతారు. అమెరికావాళ్లు దాంతోనే పెరిగారు కాబట్టి వాళ్లకు చాక్లెట్టంటే ఆ రుచే. 1909లో అనాథ పిల్లల కోసం బడి పెట్టి, తర్వాత ఆస్తినంతా ఆ బడికే రాసిచ్చిన మిల్టన్ హెర్షీ మీద గౌరవంతో నేనూ ఓ ముక్క ఎక్కువే తిన్నాను. అంతకు మించి తినలేకపోయాను.

జేజికి తెలియని సంగతి, ఆ కంపెనీతో మన సీమకు చుట్టరికం ఉంది. పుట్టినరోజున బడిలో పంచిన మహాలాక్టో, ఆశ గుర్తున్నాయా? చిత్తూరులో 1952లో మొదలైన న్యూట్రిన్ వాళ్లవి. 2006లో న్యూట్రిన్‌ను గోద్రెజ్ కొన్నది, 2007లో గోద్రెజ్‌తో హెర్షీ కలిసింది, 2012లో గోద్రెజ్ తప్పుకుంది. చిత్తూరు మహాలాక్టో పెన్సిల్వేనియా ఇంటిపేరు కిందికి పోయింది. రూపాయికి రెండు వచ్చిన కాలంలో తిన్న ఆ బిళ్లకు, హెర్షీ పలకకు పోటీ పెడితే నా ఓటు చిత్తూరుకే. నిష్పక్షపాతంగా చెబుతున్నానని ఎవరూ అనుకోనక్కర్లేదు.

వీసా లేనివాళ్లకు

దేశంలో కోకో ఎక్కువగా పండేది మన రాష్ట్రంలోనే. ఏలూరు, గోదావరి జిల్లాల్లో కొబ్బరి చెట్ల నీడన కాస్తుంది. 2024 డిసెంబరులో ప్రపంచ మార్కెట్లో టన్ను 12,000 డాలర్లు దాటినప్పుడు రైతుల ముఖాలు వెలిగాయి. మరుసటి ఏడాది కొనేవాళ్లు ధర తగ్గించేసరికి వాళ్లే రోడ్డెక్కారు. ఆ గింజతోనే హైదరాబాద్ బంజారాహిల్స్‌లో 2023లో తెరిచిన మనం చాక్లెట్ అనే కొట్టు అంతర్జాతీయ బహుమతులు తెచ్చుకుంది. ప్రొద్దుటూరు నుంచి రాత్రి బస్సెక్కితే పొద్దున్నే హైదరాబాద్‌లో దిగొచ్చు. ఏసీ బస్సు కాబట్టి తిరుగు ప్రయాణంలో పెట్టె పాడవదు, బస్టాండులో ఆలస్యం చేయకపోతే.

వేసవి సెలవులకు విదేశం పోతున్నవాళ్లకు ఇంకొన్ని మాటలు. బంధువులకు కొనక తప్పదు కాబట్టి మీగడ, కారమెల్, సేమియా నింపినవి కాకుండా గట్టి పలకలు కొనండి. చెన్నైలో దిగాక ఎర్రగుంట్లకు రాత్రి రైలు చూసుకోండి. వచ్చిన చాక్లెట్టును ఫ్రిజ్‌లో పెట్టాల్సి వస్తే గాలి చొరని డబ్బాలో పెట్టండి, లేకపోతే నిన్నటి ఉల్లిపాయ వాసన పట్టేస్తుంది. తినే ముందు డబ్బా మూత తీయకుండా కాసేపు బయట ఉంచండి. గట్టి చాక్లెట్టును చేతిసంచిలో తీసుకుపోనిస్తారు గానీ న్యుటెల్లాలాంటి మెత్తటిదాన్ని చాలా విమానాశ్రయాల్లో ద్రవం కిందే లెక్కకడతారు. వంద మిల్లీలీటర్లకు మించిన సీసా తనిఖీ దగ్గరే ఆగిపోతుంది. అక్కడే మూత తీసి చెంచాతో తినేయడానికి ఎవరూ అభ్యంతరం చెప్పరు, వెనకాల వరసలో ఉన్నవాళ్లు తప్ప.